ఖర్స్: చెట్టు మీది పంటకు కట్టే అంచనా

అరబీ భాషలో 'ఖర్స్' అనే మాట ఒకటుంది. ఖా, రా, సాద్ అనే మూడక్షరాలు దాని ధాతువు. దివ్య ఖుర్ఆన్‌లో ఈ ధాతువు నుండి పుట్టిన పదాలు అయిదు చోట్ల వస్తాయి. అన్ఆమ్ సూరాలో రెండు మార్లు (6:116, 148), యూనుస్ సూరాలో ఒకసారి (10:66), జుఖ్రుఫ్ సూరాలో ఒకసారి (43:20) క్రియగాను, జారియాత్ సూరాలో (51:10) 'ఖర్రాసూన్' అని నామవాచకంగాను వస్తాయి. అయిదు చోట్లా నిందార్థమే. కాగా ఇదే మాట సహీహ్ బుఖారీలోని జకాత్ ప్రకరణంలో ఒక అధ్యాయానికి శీర్షికగా ఉంది. అక్కడ ఖర్స్ చేసినవారు స్వయంగా దైవప్రవక్త (స).

తెలుగులో చదివేవారికి ఈ చిక్కు కనబడదు. ఖుర్ఆన్ అనువాదంలో 'ఊహాగానాలు' అనీ, హదీసు అనువాదంలో 'అంచనా' అనీ రెండు వేర్వేరు మాటలు వస్తాయి. ఉర్దూలో చదివేవారి పరిస్థితీ దాదాపు ఇంతే: ఒకచోట 'అట్‌కల్', మరొకచోట 'అందాజా'. అనువాదకులను తప్పుపట్టవలసింది ఏమీ లేదు. సందర్భాన్ని బట్టి రెండూ సరైన మాటలే. అయితే మూలంలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట అని తెలిస్తే, నింద దేనిమీదో, అనుమతి దేనికో మరింత స్పష్టమవుతుంది.

నిఘంటుకారుల ప్రకారం ఖర్స్‌కు మొదటి అర్థం చెట్టు మీద ఉన్న పండ్లను కంటితో చూసి, కోతకు ఎంత వస్తుందో లెక్క కట్టడం. అలా కట్టిన మొత్తాన్ని 'ఖిర్స్' అంటారు. (ఇదే ధాతువులో చెవికి పెట్టుకునే రింగుకు 'ఖుర్స్' అనే పేరు కూడా ఉంది. ఈద్ రోజున స్త్రీలు దానంగా ఇచ్చిన నగలలో దాని ప్రస్తావన హదీసులో వస్తుంది. ఈ చర్చతో దానికి సంబంధం లేదు.) కొందరు 'ఖర్స్ అంటే అబద్ధం' అని సూటిగా చెప్పేశారు. ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ తమ 'ముఫ్రదాత్'లో ఇంతకంటే లోతుకు వెళ్లారు. ఎరుక లేకుండా, విన్న ఆధారమూ లేకుండా, కేవలం ఊహ మీద పలికిన ప్రతి మాటా ఖర్సేనని, అది వాస్తవంతో సరిపోయినా సరే ఖర్సేనని ఆయన వివరణ. అంటే గురి చూడకుండా విసిరిన రాయి కాయకు తగిలినంత మాత్రాన విసిరినవాడు గురికాడు అయిపోడు. కపటులు ప్రవక్త (స) సన్నిధికి వచ్చి పలికిన సాక్ష్యం నిజమే అయినప్పటికీ వారిని ఖుర్ఆన్ అసత్యవాదులుగా ప్రకటించిందని ఆయన గుర్తు చేస్తారు (63:1).

ఈ వెలుగులో పై ఆయతులను మళ్లీ చూడాలి. జుఖ్రుఫ్ సూరాలో నింద ఎవరిమీద? దైవదూతలు స్త్రీలని ప్రకటించినవారి మీద. వారి సృష్టి జరిగినప్పుడు మీరు అక్కడ ఉండి చూశారా అన్న ప్రశ్న ఆ పక్క ఆయతులోనే ఉంది. అన్ఆమ్ సూరా 148వ ఆయతులోనూ అంతే. మీ వద్ద ఏదైనా జ్ఞానం ఉంటే బయటపెట్టండి అని ముందు అడిగి, ఆ తరువాతనే మీరు చేసేది ఖర్స్ అని చెప్పడం జరిగింది. చూడనిదాన్ని చూసినట్టు, తెలియనిదాన్ని తెలిసినట్టు ధర్మం పేరిట పలకడమే ఇక్కడి నేరం.

తోటలోని ఖర్స్ దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతిలో సాగుతుంది. హిజ్రీ 9లో (క్రీ.శ. 630) తబూక్ యాత్రకు వెళుతూ ప్రవక్త (స) మదీనాకు ఉత్తరాన ఉన్న వాదిల్ ఖురాలో ఒక స్త్రీ తోట వద్ద ఆగారు. ఈ హదీసును అబూ హుమైద్ సాఇదీ (రజి) ఉల్లేఖించారు. ఆ తోట దిగుబడిని అంచనా కట్టమని ప్రవక్త (స) సహచరులతో అన్నారు. తాము స్వయంగా పది వసఖ్‌లని కట్టారు. కోత కోసినప్పుడు ఎంత వస్తుందో లెక్క పెట్టి ఉంచమని ఆ స్త్రీకి చెప్పారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడికి వచ్చి ఎంత వచ్చిందని అడిగారు. పది వసఖ్‌లే వచ్చాయని ఆమె చెప్పింది. వసఖ్ అంటే 60 సాలు. జకాత్ విధి కావడానికి హదీసులో చెప్పిన పరిమాణం 5 వసఖ్‌లు, అంటే 300 సాలు. ఈ కాలపు పండితులలో పలువురు దీనిని సుమారు ఆరున్నర క్వింటాళ్లుగా లెక్క కట్టారు.

అంచనా సరిపోయిందనే సంగతినే సాధారణంగా చెప్పుకుంటారు. అంతకంటే గమనించదగినది మరొకటి ఉంది. అంచనా చెప్పిన నోటితోనే కొలిచి చూడమన్న ఆజ్ఞ కూడా వెలువడింది. తిరిగివచ్చి అడగడం కూడా జరిగింది.

ఖారిస్, అనగా అంచనా కట్టే వ్యక్తి, పండు రంగు తిరిగి పక్వానికి వచ్చే వేళ తోటకు వెళతాడు. చెట్టు చుట్టూ తిరిగి గెలలు చూస్తాడు. పచ్చిగా ఎంత ఉంది, ఎండితే ఎంతకు తగ్గుతుంది అని లెక్క వేస్తాడు. ద్రాక్షకు కూడా ఇదే పద్ధతి. జకాత్‌ను ఎండుద్రాక్షగా తీసుకుంటారు. ధాన్యానికి ఖర్స్ లేదు. గింజ పొట్టులో దాగి ఉంటుంది, కంటికి కనబడదు. ఆలివ్ విషయంలో భేదాభిప్రాయం ఉంది. ఇమామ్ జుహ్రీ, ఇమామ్ ఔజాఈ అంచనా కట్టవచ్చన్నారు. కాయలు ఆకుల మాటున చెదిరి ఉంటాయి గనుక కుదరదని ఇబ్ను ఖుదామా రాశారు. చూడగలిగినంత వరకే అంచనా అన్న హద్దును ధర్మవేత్తలు ఎంత జాగ్రత్తగా కాపాడారో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇంత పని ఎందుకంటే, రైతు కోత దాకా ఆగనవసరం లేకుండా పండు తినడానికి, తినిపించడానికి, అమ్ముకోవడానికి. లెక్క ముందే తేలితే తోట అతని చేతికి వస్తుంది, పేదల హక్కూ భద్రంగా ఉంటుంది. పైగా అంచనాలో సడలింపు ఉంది. మూడో వంతు వదలండి, అది కాకుంటే నాలుగో వంతు వదలండి అన్న భావం గల హదీసును సహ్ల్ బిన్ అబీ హస్మా (రజి) ద్వారా అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథస్తం చేశారు. వచ్చేపోయేవారు, అతిథులు, పక్షులు తినేదానికి అది మినహాయింపని కొందరు అన్నారు. రైతు తన బంధువులకూ పొరుగు పేదలకూ స్వయంగా పంచడానికి జకాత్‌లోనే కొంత వదలడమని ఇమామ్ షాఫిఈ వివరించారు. హజ్రత్ ఉమర్ (రజి) అబూ హస్మా (రజి)ని ఈ పనిపై పంపుతూ, తోటల్లో దిగి పండ్లు కోసుకుంటున్న కుటుంబాలు కనబడితే వారు తినేంత వదిలిపెట్టమని చెప్పారు.

ఖైబర్ సంగతి జకాత్‌కు చెందినది కాదు, పాలుకు చెందినది. హిజ్రీ 7లో (క్రీ.శ. 628) అక్కడి యూదులు తోటలను సగం పాలుకు సాగు చేయడానికి ఒప్పుకున్నారు. అంచనా కట్టడానికి అబ్దుల్లా బిన్ రవాహా (రజి) వెళ్లారు. తగ్గించి కట్టమని వారు తమ స్త్రీల నగలు పోగుచేసి ఆయన ముందు పెట్టిన ఉదంతం ముఅత్తాలో ఉంది. ఆయన తీసుకోలేదు. వారిపై తనకు ప్రీతి లేకపోయినా అది తనచేత అన్యాయం చేయించదని స్పష్టం చేశారు. భూమ్యాకాశాలు ఇలాంటి న్యాయం మీదనే నిలిచి ఉన్నాయని వారే ఒప్పుకున్నారు. ఆయన కట్టిన అంచనా 40,000 వసఖ్‌లని అబూ దావూద్‌లోని ఒక ఉల్లేఖనం చెబుతోంది. ఎంపికను ఆయన వారికే వదిలారు: ఈ లెక్కకు పంట మీరు ఉంచుకుని సగం ఇవ్వండి, లేదా పంట మాకు వదిలి మీ సగం మా నుండి తీసుకోండి. వారు పంట ఉంచుకుని 20,000 వసఖ్‌లకు బాధ్యులయ్యారు. ఎక్కువ కట్టినా తక్కువ కట్టినా ఏదో ఒక వైపు నుండి తనకే నష్టం వచ్చేలా అంచనాదారుడు తన లెక్కకు తానే కట్టుబడ్డాడన్నమాట. మరుసటి ఏడాదే ఆయన మూతా యుద్ధంలో షహీద్ అయ్యారు.

ఇంత ఆధారం ఉన్నా హనఫీ ధర్మవేత్తలు ఖర్స్‌ను తప్పనిసరి తీర్పుగా అంగీకరించలేదు. మన పాఠకులలో ఎక్కువమంది అనుసరించేది ఈ మజ్‌హబే కనుక వారి వాదన తెలుసుకోవాలి. అంచనా ఊహే గదా, ఊహతో ఒకరిపై బాకీ ఎలా రుజువవుతుంది అన్నది వారి ప్రశ్న. ప్రవక్త (స) కాలంలో అది రైతులు పంట దాచకుండా ఒక హెచ్చరికగా, దిగుబడి ఎంతో తెలిసి ఉండడానికి జరిగింది. వసూలు మాత్రం కోతనాటి అసలు కొలత మీదనే జరగాలి అన్నారు. అంచనా తరువాత పంట పాడైతే లేనిదానికి జకాత్ కట్టవలసి వస్తుందని ఇమామ్ తహావీ చూపించారు. తక్కిన మూడు మజ్‌హబ్‌ల సమాధానం: ఇది గాలి ఊహ కాదు, అనుభవజ్ఞుడు కంటితో చూసి చేసే ఇజ్తిహాద్. హజ్రత్ అబూ బక్ర్, హజ్రత్ ఉమర్ (రజి)ల కాలంలోనూ ఇది సాగిందని ఖత్తాబీ గుర్తు చేశారు. ఇక గాలివానకో తెగులుకో పంట పోతే జకాత్ లేదని ఇమామ్ మాలిక్ కూడా ముఅత్తాలో చెప్పారు. ఆ మేరకు ఇరువర్గాల మధ్య దూరం పైకి కనబడేంత లేదు. హనఫీల అనుమానంలో ఖుర్ఆన్ నిందించిన ఖర్స్ పట్ల భయం ఉంది. ఆ భయాన్ని చిన్నచూపు చూడరాదు.

తెలుగులో 'సుమారు', 'అందాజు' రెండూ పారసీ నుండి ఉర్దూ మీదుగా వచ్చినవే. మొదటిదానికి మూలమైన 'షుమార్'కు లెక్క అని అర్థం. నేడు లెక్క పోయి ఉజ్జాయింపు మిగిలింది. నిలిచిన పైరును కంటితో మదింపు చేసే 'కన్‌కూత్' పద్ధతిని అక్బర్ కాలపు ఆయినె అక్బరీ పేర్కొంది. మన నూజివీడు, చిత్తూరు ప్రాంతాల మామిడి రైతులకు ఇలాంటి కంటి లెక్క కొత్త కాదు. అయితే పూత చూసి తోట బేరం చేయడాన్ని ఖర్స్‌తో పోల్చి సమర్థించుకోవడం సరికాదు. పక్వత కనబడక ముందు పండ్లు అమ్మడాన్ని బుఖారీ, ముస్లింలలోని హదీసు నిషేధించింది. ఖర్స్ బేరం కాదు. పైగా పూత బేరంలో అంచనా కట్టేవాడు కొనేవాడే. చూడవలసిన కాయ ఇంకా చెట్టు మీద లేదు. కోతనాడు కొలిచి సరిచూసే ఏర్పాటూ లేదు.