మెట్ట గడ్డి భూముల అరుదైన పుష్పం: సెరోపీజియా స్పైరాలిస్

మెట్ట ప్రాంతాలలో జిల్లేడు ఎరుగని రైతు ఉండడు. అదే కుటుంబానికి చెందిన సెరోపీజియా ప్రజాతి మొక్కలు మాత్రం వెదకినా అరుదుగానే కనిపిస్తాయి. భారతదేశంలో ఈ ప్రజాతికి చెందిన జాతులు 50కి పైగా ఉన్నాయి. వాటిలో అధిక భాగం మరే దేశంలోనూ పెరగవు. సెరోపీజియా స్పైరాలిస్ దక్షిణ భారతానికే పరిమితమైనది.

ఆవాసం, జీవన విధానం

రాతి నేలల్లో, పలుచని మట్టిపొరపై గడ్డి మధ్య ఇది పెరుగుతుంది. వేసవిలో నేలపై దాని జాడ ఉండదు. దుంప మాత్రమే మట్టిలో సజీవంగా ఉంటుంది. వానలు పడగానే సన్నని కాండం, గడ్డిపోచలను పోలిన ఆకులు వెలువడతాయి. పూత లేనప్పుడు దీనిని గడ్డి నుండి వేరుచేసి గుర్తించడం కష్టం. పొడవైన ఆకర్షక పత్రాలు మెలితిరిగి ఉండడం వలన దీనికి స్పైరాలిస్ అనే పేరు వచ్చింది.

పరాగ సంపర్కం

ఈ ప్రజాతి పువ్వులు చిన్న ఈగలకు బోనులవంటివి. వాసనకు ఆకర్షితమైన ఈగ గొట్టంలోకి జారుతుంది. లోపల కిందికి వంగిన నూగు దానిని తిరిగి పైకి రానివ్వదు. ఆ సమయంలో పుప్పొడి ముద్దలు ఈగ నోటి భాగాలకు తగులుకుంటాయి. నూగు వాడిన పిదప ఈగ బయటపడి మరొక పువ్వును చేరుతుంది. మొక్కలు దూరదూరంగా మిగిలినచోట ఈ గొలుసు తెగిపోతుంది. పూత ఉన్నా కాయ కట్టదు. జంట కాయలలోని విత్తనాలు జిల్లేడు గింజలవలె పట్టుకుచ్చుతో గాలికి ఎగురుతాయి.

ముప్పు

ఈ ప్రజాతి దుంపలను పశువుల కాపరులు తినడం కద్దు. ఆకు మేతకు పోయినా దుంప తిరిగి చిగురించగలదు. దుంపనే తవ్వితే మొక్క అంతమవుతుంది. అంతకు మించిన ముప్పు, గడ్డి భూములను “బంజరు”గా లెక్కించడం. కందకాలు తవ్వినా, దట్టంగా చెట్లు నాటినా దుంపలు నశిస్తాయి, ఎండ కోరే మొక్కలు నీడలో క్షీణిస్తాయి. పచ్చదనం పెంచే కార్యక్రమమే ఒక జాతిని తుడిచివేయవచ్చు.

సంరక్షణ

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ క్రింది అంశాలపై దృష్టి సారించాలి.

1. ఉమ్మడి భూములలో పనులు చేపట్టే ముందు వానకాలంలో, పూత దశలో మొక్కల సర్వే జరపాలి. వేసవి సర్వేలో ఈ మొక్క కనబడదు.
2. మేతను పూర్తిగా నిషేధించనక్కరలేదు. పూత నుండి కాయ పగిలే వరకు కొంత భాగాన్ని వంతులవారీగా విడిచిపెట్టాలి.
3. దుంపలు తవ్వకుండా కాపరులకు నచ్చజెప్పాలి. మొక్కలున్న చోట్లు వారికే ఎక్కువ తెలుసు కనుక సర్వేలో వారిని భాగస్వాములను చేయాలి.
4. కొద్దిపాటి విత్తనాలను సేకరించి నర్సరీలో పెంచి, అదే ప్రాంతంలో గుంపులుగా నాటాలి.

కుండీలో బ్రతికిన మొక్క జాతిని కొంతకాలం నిలుపుతుంది. ఈగలు, గడ్డి, ఎండ ఉన్న నేల మిగిలినప్పుడే అది తనంత తాను కాయ కడుతుంది.