మట్టి, తుప్పు, కరక్కాయ: బిలాస్‌పూర్ పిల్లలకు పర్యావరణ పాఠం

పిల్లలకు పర్యావరణ స్పృహ కలిగించాలనుకోగానే బడులకు మొదట గుర్తొచ్చేది చిత్రలేఖనం పోటీ. చార్టు మీద ఒక పచ్చని చెట్టు, పక్కన పొగ కక్కే గొట్టం, కింద ఒక నినాదం. పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించాక పుస్తకాలు వచ్చాయి, పీరియడ్లు వచ్చాయి. కళ మాత్రం చాలాచోట్ల చార్టు దగ్గరే ఆగిపోయింది. గీసింది ఏ చెట్టో గీసిన పిల్లవాడికి తెలియదు, అడిగేవారూ ఉండరు.

‘బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్’ పేరుతో జరిగేది ఇంకా విచిత్రం. ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాను అలంకరించడానికి జిగురు, చమ్కీ, రంగు కాగితాలు, థర్మకోల్ షీటు కొత్తగా కొంటారు. ప్రదర్శన ముగిశాక అన్నీ చెత్తకుండీకే పోతాయి. పాత సామాన్లవాడు తూకానికి తీసుకోవాల్సిన సీసాను చమ్కీ అంటుకున్నాక అతను కూడా ముట్టుకోడు. బొమ్మ దేని గురించి అన్నదానికన్నా దేనితో చేశారన్నదే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. చేతిలోని సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, పని అయ్యాక ఎక్కడికి పోతుంది అన్న రెండు ప్రశ్నలు లేని చేతిపనిలో పర్యావరణ పాఠం లేనట్టే.

ఈ ప్రశ్నలు అడగడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అనువైన ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి వచ్చింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కోర్బా గనుల బొగ్గు ఈ ఊరి మీదుగా రైళ్లలో పోతుంది. సమీపంలోని సీపత్‌లో ఎన్టీపీసీ 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తుంది. మరోవైపు అచానక్‌మార్ సాల వనాలున్నాయి. ఊరి మధ్యగా పారే అర్పా నది వేసవిలో ఇసుక మేటలు తేలి కనిపిస్తుంది. బొగ్గు, అడవి, నది మూడూ పిల్లలకు అందుబాటులో ఉన్న ఊరిది.

మొదలుపెట్టాల్సింది మట్టితో. శ్రావణ అమావాస్య నాడు ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగ జరుపుకుంటారు. మగపిల్లలు చక్రాలున్న మట్టి ఎద్దును లాగుతారు, ఆడపిల్లలు మట్టి వంటసామాన్లతో ఆడుకుంటారు. తెలుగువారి పోలాల అమావాస్య కూడా అదే రోజు. నాలుగు రోజులు తిరక్కుండానే వినాయక చవితి వస్తుంది. రెండు పండుగలూ మట్టివే కాబట్టి పక్కింటి పోలా ఎద్దు, మనింటి గణపతి ఒకే ముద్దలోంచి పుట్టవచ్చు.

మట్టి ఎంపికే తొలి పాఠం. అర్పా ఒడ్డు ఇసుకను ఎంత తడిపినా ఎద్దు కాలు నిలబడదు, రాలిపోతుంది. చెరువు అడుగున పేరుకున్న బంకమట్టి అయితే చెప్పినట్టు వింటుంది. ఇసుక రేణువు పెద్దది, బంకమట్టి రేణువు అతి సన్నం. అందుకే ఒకటి నీటిని వదిలేస్తుంది, మరొకటి పట్టుకుంటుంది. ఈ సంగతి పుస్తకంలో చదివిన పిల్లల కంటే వేళ్లతో తెలుసుకున్న పిల్లలు ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంటారు. అంతలోనే ‘చెరువులు ఎక్కడున్నాయి?’ అనే ప్రశ్న వస్తుంది. కలచురుల పాత రాజధాని, చెరువులకు పేరుపడ్డ రతన్‌పూర్ దగ్గర్లోనే ఉంది. చేసిన బొమ్మను ఎండలో పెడితే పగులుతుంది, నీడన ఆరితే నిలుస్తుంది. ఇది కూడా చెప్పకుండా, ఒక బొమ్మ పగిలేదాకా ఆగడమే మేలు.

నిమజ్జనాన్ని రెండు బకెట్లలో చూపించవచ్చు. ఒకదానిలో కాల్చని మట్టి బొమ్మ, రెండోదానిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క వేయాలి. మట్టి కొన్ని గంటల్లో అడుగున బురదగా కూర్చుంటుంది, దాన్ని తులసికోటలో పోయవచ్చు. ప్లాస్టర్ ముక్క మర్నాటికీ ముక్కగానే ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్, థర్మకోల్ విగ్రహాలు వద్దన్నది ఎందుకో ఈ బకెట్లు చూశాక వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: కుమ్మరి ఆవంలో కాల్చిన ఎద్దు కూడా కరగదు. దాన్ని దాచుకుని మరుసటి ఏడాదీ ఆడుకోవాలి గాని నదిలో వేయకూడదు.

చవితి పత్రి ఇంకో పాఠం. ఇరవయ్యొక్క ఆకులను బజారులో ఒక కట్టగా కొనేస్తున్నాం. అందులో పేరు తెలిసినవి ఎన్నో పెద్దలే లెక్కపెట్టుకోవాలి. ఆకు వెనక్కి తిప్పి, పైన పల్చని కాగితం పరిచి పెన్సిలు రుద్దితే ఈనెలన్నీ అచ్చుగా పడతాయి. ఇరవయ్యొక్క అచ్చులూ పేర్లతో కుడితే పిల్లలు సొంతంగా చేసుకున్న వృక్షశాస్త్ర పుస్తకమవుతుంది. దొరకని ఆకు చోట ఖాళీ పేజీ వదలాలి. ఏ చెట్టు ఊళ్లో కరువైందో ఆ ఖాళీయే చెబుతుంది. అర్జున పత్రం, అంటే మద్ది ఆకు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. చాంపా, కోర్బా ప్రాంతాల కోసా పట్టునిచ్చే దసలి పురుగు తినేది ప్రధానంగా మద్ది ఆకులే. గణపతికి సమర్పించే ఆకుకూ అమ్మ కోసా చీరకూ సంబంధం ఉందని తెలిసిన పిల్లలకు అడవి పరాయిదిగా కనిపించదు.

రంగులకు శ్రీకాళహస్తి కలంకారీ దారి చూపుతుంది. అక్కడి నల్లరంగు కసిమి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వస్తుంది. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీటితో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి చేసే పని అది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. రైల్వే ఊళ్లో తుప్పు మేకులకు కొదవా? పాత కుర్చీ, విరిగిన తలుపు గడియ చాలు. పట్టాల దరిదాపులకు పిల్లలను పోనివ్వకూడదు. ఛత్తీస్‌గఢ్‌లో ‘హర్రా’ అనే కరక్కాయ అడవిలో ఏరే సరుకు. దాని మీద బతికే కుటుంబాల కథ కూడా ఇక్కడే చెప్పవచ్చు.

గాలికీ బొమ్మ గీయించవచ్చు. తెల్ల అట్టకు పల్చగా వ్యాజిలీన్ రాసి, మధ్యలో కాగితపు ఆకును అంటించి వరండాలో వారం రోజులు వేలాడదీయాలి. కాగితం తీస్తే మసకబారిన నేల మీద తెల్లని ఆకు మిగులుతుంది. రైలుమార్గం పక్క ఇంట్లో ఒకటి, కాలనీ లోపల ఒకటి, వేపచెట్టు చాటున ఒకటి పెట్టి పక్కపక్కన పోల్చాలి. ఇది కొలత పరికరం కాదు. ఆ దుమ్ములో బొగ్గెంతో చెప్పలేదు. దీన్ని శాస్త్ర పరిశోధనగా ప్రదర్శించడం తప్పు. ప్రశ్న పుట్టించడం వరకే దీని పని.

సర్గుజా జిల్లా పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రాజ్వార్ పేరు కూడా ఈ పిల్లలకు తెలియాలి. వెదురు బద్దలు వంచి మట్టి మెత్తి ఆమె ఇంటికి జాలీలు అల్లింది, వాటి మీద పక్షులను, మనుషులను కూర్చోబెట్టింది. ఆమె సరుకంతా ఇంటి చుట్టూ దొరికిందే. ఆ పనికే 1983లో రాష్ట్రపతి పురస్కారం వచ్చింది.

ఇక మార్కుల సంగతి. అందానికి బహుమతి పెడితే తల్లిదండ్రులే కూర్చుని చేసిపెడతారు. దానికి బదులు ప్రతి బొమ్మ పక్కన పిల్లలు సొంత మాటల్లో, తెలుగైనా హిందీ అయినా, నాలుగు వాక్యాలు రాయాలి: సరుకు ఎక్కడిది, ఎవరిని అడిగి తెచ్చారు, ఏది చెడిపోయింది, పని అయ్యాక దాన్ని ఏం చేశారు. మార్కులు ఆ నాలుగు వాక్యాలకే ఇవ్వాలి. చవితికి పిల్లలే గణపతిని చేయాలంటే పోలాల అమావాస్యకు వారం ముందే మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, నానబెట్టి ఉంచండి.