వానలో పనిచేయువారికి తగిన దుస్తులు

ఏరువాక సాగినది మొదలు ఈశాన్య ఋతుపవనముల వానలు వెలియువరకు, అనగా జూను మాసము నుండి డిసెంబరు వరకు, మన గ్రామములలో ఎవరో ఒకరు వానలో నిలిచి పనిచేయుచునే యుందురు. వరినాట్లు వేయు స్త్రీలు, మందను తోలుకొని పోవు కాపరులు, మురుగుకాలువలు తీయు పారిశుద్ధ్య కార్మికులు, రాత్రివేళ చెరువుకట్టను కనిపెట్టి యుండువారు, తుపాను వచ్చునపుడు ఇల్లిల్లు తిరిగి హెచ్చరిక తెలుపువారు, వీరందరును ఇట్టివారే. వాన వచ్చినదని ఇంట కూర్చుండుటకు వీరికి వీలు లేదు. వాన వచ్చినందువలననే వీరిలో అనేకులకు పని పెరుగును.

తన కార్మికులకు రెయిన్ కోట్లు కొని యిచ్చుట పంచాయతీలకు క్రొత్త విషయము కాదు. కాని కొన్న కోటు పంచాయతీ బీరువాలోనో, కార్మికుని ఇంటి దండెముమీదనో వ్రేలాడుచుండుటయు మనము చూచుచునే యున్నాము. ఏల ధరింపవని యడిగినచో, “లోపల ఉడికిపోతున్నదండీ, దీనికంటె తడవడమే నయం” అని అతడు చెప్పును. ఈ మాటను సోమరితనముగా భావింపరాదు. అందులో యథార్థమున్నది. వాననీటిని ఆపుట వానదుస్తులకు సగము పని మాత్రమే. లోపలి చెమటను వెలుపలికి పోనిచ్చుట తక్కిన సగము. ఈ రెండవ సగమును మరచి కొన్న కోటు ధరింపబడదు. ధరింపని కోటుపై పెట్టిన వ్యయము వృథా.

తడి వలన కలుగు హాని

మానవ శరీరపు సహజమైన వేడి సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగివేయును. తడిసిన బట్టకు ఈదురుగాలి తోడైనచో శరీరము మరింత త్వరగా చల్లబడును. లోపలి వేడి 35 డిగ్రీలకు తగ్గినచో ప్రాణాపాయమునకు దారి తీయవచ్చును. మంచు కురియు దేశములలోనే ఇది జరుగునని తలపరాదు. రాత్రియంతయు తడిబట్టలతో గాలిలో నిలిచిన వృద్ధునికి, పస్తున్న కూలివానికి, పసిబిడ్డకు మన దేశములోను ఈ ప్రమాదము కలుగవచ్చును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఎరిగినవారికి గాలివానలో తడిసి నిలుచుట యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

వణకు మొదటి గుర్తు. మాట తడబడుట, చేతులు పట్టు తప్పుట, మగతగా నుండుట అంతకంటె ముదిరిన గుర్తులు. అట్టివానిని గాలి తగులని చోటికి చేర్చి, తడిబట్టలు విప్పి, ఒడలు తుడిచి, పొడి కంబళి కప్పవలెను. తెలివితో నున్నచో వేడి పాలు గాని తీయని టీ గాని త్రాగింపవచ్చును. సారా త్రాగించిన వేడి పుట్టునను నమ్మకము పొరపాటు. మద్యము చర్మమునందలి రక్తనాళములను వెడల్పు చేసి, లోపలి వేడిని వెలుపలికి పంపివేయును. గుర్తులు ముదిరినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పెద్దలు వాడిన సాధనములు

మన పెద్దలు ఈ విషయమున తెలివి లేనివారు కారు. దక్కను గొఱ్ఱె ఉన్నితో నేసిన గొంగళిని కాపరి నేటికిని విడువలేదు. ఉన్నిపోగు వంకరలు తిరిగి యుండుటచే దాని నడుమ గాలి నిలుచును. ఆ గాలియే వేడిని కాపాడును. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొనియు ఒంటికి తడిగా తోచదు. కావున కొంత తడిసినను గొంగళి వెచ్చగనే యుండును. అయితే జడివానలో పూర్తిగా నానిన గొంగళి మోయరాని బరువగును.

ఆకులతో అల్లిన గిడుగులో మరియొక గుణమున్నది. అది తలను, వీపును కప్పుచు ఒంటికి అంటుకొనక నిలుచును. క్రిందనుండి గాలి ఆడును. వంగి నాట్లు వేయువారికి ఇంతకంటె తగిన ఆకారము లేదు. నేడు ఎరువుల సంచిని మూలకు మూల మడిచి తలపై వేసికొను కూలీలు ఆ గిడుగు ఆకారమునే అనుసరించుచున్నారు. కాని పురుగుమందులతో కలిసి నిలువయున్న సంచులను ఇందుకు వాడరాదు. తడిసిన చర్మము ద్వారా విషము ఒంటిలోనికి ప్రవేశింపవచ్చును.

నీరు దూరని బట్ట

1823లో స్కాట్లండు దేశీయుడైన చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పూతను ఉంచి నీరు దూరని బట్టను తయారుచేయు విధానమునకు పేటెంటు పొందెను. నేటి కోట్లలో పలువిధములు కలవు. పి.వి.సి. కోటు నీటిని చక్కగా ఆపును, వెల తక్కువ. కాని బరువు, ఉక్క ఎక్కువ. నైలాను లేక పాలియెస్టరు బట్టపై పాలియురేథేను పూత పూసినది తేలికగా నుండి, మడచుటకు వీలైనది. పలుచని పాలిథీను కోటు ఒకటి రెండు దినములకే చినుగును; నిత్యము పనిచేయువారికి అది పనికిరాదు.

కొన్ని కోట్లపై మిల్లీమీటర్లలో ఒక అంకె ముద్రింపబడి యుండును. బట్టపై నీటిని స్తంభమువలె నిలిపి, ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి బట్ట ఓర్చునో చూచి ఆ అంకెను నిర్ణయింతురు. 1500 మిల్లీమీటర్లకు తగ్గినది వానకు తగినదిగా ఎంచబడదు. గంటలకొలది వానలో నుండువారికి, భుజముపై బరువు మోయువారికి 5000 గాని అంతకు మించి గాని ఉన్నది మేలు. బరువు ఒత్తిన చోట నీరు సులభముగా దూరును.

చెమటకు దారి

చెమట ఆవిరిని వెలుపలికి విడుచుచు వాననీటిని ఆపు బట్టలు కూడ ఉన్నవి. 1969లో అమెరికా దేశమున రాబర్టు గోర్ కనుగొనిన సూక్ష్మరంధ్రములు గల పొర వీటిలో ప్రసిద్ధమైనది. కాని వాని వెల ఎక్కువ. అదియునుగాక, ఆవిరి తేమ యెక్కువ యున్న తావు నుండి తక్కువ యున్న తావునకు పోవును. మన వానకాలమున వెలుపలి గాలియే తేమతో నిండి వెచ్చగా నుండుటచే, అట్టి ఖరీదైన బట్టవలన మైదాన ప్రాంతములలో కలుగు లాభము కొద్దిపాటిది.

ఇందుకు తక్కువ వ్యయముతో కూడిన ఉపాయము గాలిదారులు. చంకల క్రింద రంధ్రములు, వీపున పైమడత క్రింద తెరపి, వదులైన కొలత గల కోటును ఎన్నుకొనవలెను. శ్రమ యెక్కువగా నున్న పనికి ఒంటికి బిగిసిన కోటుకంటె భుజములపైనుండి వ్రేలాడు వదులైన కప్పు మేలు. అయితే యంత్రముల వద్ద, మోటారు సైకిలుపైన అట్టి కప్పు చిక్కుకొనును. అచ్చట కోటు, పంట్లాము ధరించుటయే క్షేమము.

పొరలు పొరలుగా ధరించుట

ఒక్క మందపాటి వస్త్రముకంటె రెండు మూడు పలుచని పొరలు మేలు. మైదానములో రెండు పొరలు చాలును: ఒంటికి తగులు పలుచని చొక్కా, దానిపై వానకోటు. నూలుబట్ట తడిని పట్టి ఉంచును, త్వరగా ఆరదు. రోజంతయు తడియువారికి త్వరగా ఆరు పాలియెస్టరు బనియను అనుకూలము. అరకు, చింతపల్లి, లంబసింగి వంటి కొండ ప్రాంతములలో చలితో కూడిన వాన కురియునపుడు నడుమ ఉన్ని స్వెట్టరును మూడవ పొరగా చేర్చవలెను. పని ముమ్మరముగా నున్నపుడు నడిమి పొర తీసివేసి, నిలిచినపుడు మరల వేసికొనవలెను. వీటికి తోడు, మూతిని బిగించి కట్టిన సంచిలో ఒక జత పొడిబట్టలు ఉంచుకొనుట అన్నిటికంటె ముఖ్యము.

ఎవరికి ఎట్టివి?

పారిశుద్ధ్య కార్మికునకు కోటు, పంట్లాము, రబ్బరు చేతితొడుగులు, గంబూట్లు కావలెను. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సోకును గనుక పాదరక్షణ అనివార్యము. నాట్లు వేయు స్త్రీలకు పొడవైన కోటు తగదు. వంగినపుడు ముందు అంచు బురదలో ఈడ్వబడును. తలకు వీపునకు చాలునట్టి కప్పు వారికి మేలు. పడవపై పోవు మత్స్యకారుడు లైఫ్ జాకెట్టును వానకోటుపైన ధరింపవలెను. నీరు నిండిన గంబూట్లు కాళ్లను క్రిందికి లాగును గనుక లోతు తెలియని నీటిలో వానితో దిగరాదు. రాత్రివేళ తిరుగువారికి పసుపుపచ్చ లేక నారింజ రంగు కోటు, దానిపై వెలుతురు పడినపుడు మెరయు పట్టీ ఉండవలెను. వానకోటు పిడుగునుండి గాని, తెగిపడిన విద్యుత్తు తీగనుండి గాని రక్షింపదని అందరికి తెలియజెప్పవలెను.

కొనుటకు ముందు పరీక్ష

మొత్తము సరుకు కొనకముందు ఒక్క కోటు తెప్పింపవలెను. బకెట్టు మీద దానిని గుంటపడునట్లు పరచి, కుట్టు అడుగున వచ్చునట్లు సరిచేసి, చెంబెడు నీరు పోసి అరగంట ఉంచవలెను. అడుగున చేయి పెట్టి చూచిన తడి తెలియును. చాల కోట్లు బట్టవద్ద గాక కుట్లవద్దనే కారును. కావున కుట్లమీద లోపలివైపున పట్టీ అతికినదీ లేనిదీ చూడవలెను. జిప్పుపై మూతమడత, మెడవద్ద బిగించుకొను త్రాడు, మణికట్టువద్ద పట్టు ఉండవలెను. పిదప ఆ కోటును ఒక కార్మికునకో కార్మికురాలికో ఇచ్చి, ఒక పూట పని చేయించి, వారి అభిప్రాయమును వినవలెను. అందరికి ఒకే కొలత తెప్పించుట పొరపాటు. పొట్టివారి కాళ్లకు అడ్డుపడు కోటు వానకంటె ప్రమాదకరము.

వాడిన కోటును మంచినీటితో కడిగి, నీడలో ఆరవేసి, వ్రేలాడదీయవలెను. తడిగా మడచి పెట్టినచో బూజు పట్టి పూత ఊడిపోవును. ఎండలో వదలిన పి.వి.సి. కోటు పెళుసై పగులును.

పంచాయతీ కర్తవ్యము

2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థముల నిర్వహణ నియమములలో, చెత్తను ఎత్తు కార్మికులకు ఇయ్యవలసిన రక్షణ సామగ్రిలో రెయిన్ కోటు పేరు స్పష్టముగా చేర్చబడినది. ఆ నియమములు ముఖ్యముగా పట్టణముల నుద్దేశించినవి. అయినను గ్రామమున మురుగులో దిగు కార్మికుని శరీరము పట్టణ కార్మికుని శరీరముకంటె భిన్నము కాదు. కావున తొలకరికి ముందే, మే నెల సమావేశములోనే ఈ విషయమును చర్చకు తెచ్చి, ధరించువారిని పిలిచి యడిగి, కొలతలు వ్రాసికొని, పరీక్షించి కొనుట మంచిది. అన్నిటికంటె తక్కువ వెల చెప్పిన కోటు చౌకయైనది కాదు. వానలో పనివాని ఒంటిమీద నిలిచిన కోటే చౌకయైనది. ఊరు నిద్రించువేళ జడివానలో చెరువుకట్టపై నిలుచు మనుష్యుని పొడిగా నుంచుట ఊరివారందరు తీర్చుకొనవలసిన ఋణము.