ప్రదర్శనలో సిద్ధం... పట్టాలపై ఆలస్యం

న్యూఢిల్లీ: రెండేళ్లకోసారి దేశ రాజధానిలో జరిగే అంతర్జాతీయ రైల్వే పరికరాల ప్రదర్శనకు మిగతా సంతలకు లేని లక్షణం ఒకటుంది. అమ్మజూపేవారు వందలమంది, దేశంలో పెద్ద కొనుగోలుదారు మాత్రం ఒక్కరే- భారతీయ రైల్వే. 1990లో ఆరంభమైన ఈ ప్రదర్శనను రైల్వే మంత్రిత్వ శాఖ తోడ్పాటుతో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) నిర్వహిస్తోంది. 2025 అక్టోబరు 15 నుంచి మూడు రోజులపాటు భారత్ మండపంలో జరిగిన 16వ ప్రదర్శనను రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రారంభించారు. 2047 నాటికి గంటకు 350 కిలోమీటర్ల వేగానికి అనువైన 7,000 కిలోమీటర్ల ప్రత్యేక ప్రయాణికుల మార్గాలు నిర్మిస్తామని ప్రకటించారు.

వేగం సంగతి అలా ఉంచితే, ప్రయాణికునికి ముందుగా కావలసింది క్షేమం. ఆ పరికరం దేశంలో లేకపోలేదు. డ్రైవరు ఎర్ర సిగ్నల్‌ను దాటబోతే తనంతట తానే బ్రేకు వేసే ‘కవచ్’ వ్యవస్థను లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ దేశీయ పరిశ్రమ సహకారంతో రూపొందించింది. దానిని తయారు చేసిన తొలి మూడు సంస్థలు- మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్- హైదరాబాద్‌వే కావడం తెలుగువారు గమనించదగ్గ విషయం.

2022 మార్చి 4న లింగంపల్లి-వికారాబాద్ సెక్షన్‌లో జరిగిన పరీక్షలో ఒకే పట్టాపై ఎదురెదురుగా రెండు ఇంజన్లను నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి, రెండవదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజన్ ఆగిపోయింది.

అయితే ఇంజన్‌కు ఒక పెట్టె బిగించినంత మాత్రాన కవచ్ పనిచేయదు. పట్టాల మధ్య గుర్తింపు బిళ్లలు, స్టేషన్‌లో యంత్రాంగం, దారి పొడవునా రేడియో టవర్లు ఉండాలి. వీటిలో ఏది కొరవడినా రక్షణ శూన్యమే. మార్గంలో కిలోమీటరుకు సుమారు 50 లక్షలు, ఇంజన్‌కు సుమారు 80 లక్షల రూపాయలు ఖర్చవుతుందని రైల్వే శాఖ అంచనా. అంటే వెయ్యి కిలోమీటర్ల మార్గానికే 500 కోట్లు! దేశంలో రైలు మార్గం 68 వేల కిలోమీటర్ల పైమాటే. కవచ్‌ను 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకరించినా, మొదటి విడతలో అది దక్షిణ మధ్య రైల్వేలోని 1,465 కిలోమీటర్లకే అమరింది.

ఈ జాప్యం ఎంత ఖరీదైనదో విజయనగరం జిల్లా చూసింది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి వద్ద పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనుక నుంచి ఢీకొంది. 14 మంది మరణించారు. తూర్పు కోస్తా రైల్వేకు చెందిన ఆ మార్గంలో కవచ్ లేదు.

ఆ తర్వాత 2024 జులైలో కవచ్ 4.0 నమూనాకు ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం లభించింది. అది రద్దీ గల మథుర-కోటా సెక్షన్‌లో అమలులోకి వచ్చేసరికి 2025 జులై అయింది.