కుంభార్‌వాడా పొగ ఎరగని చిప్పు

సిలికోన్ రబ్బరు ముక్కలోంచి ఊపిరితిత్తి చప్పుడు వచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో షుయిచి తకయామా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న డాన్ హూ ఆ ముక్కలో సన్నని కాలువలు తీసి, వాటిలో మనిషి శ్వాసనాళపు కణాలు పెంచాడు. కాలువలోకి చుక్క ద్రవం అడ్డం వెళ్లి, గాలి ఒత్తిడికి పగిలినప్పుడు చిన్న చిటపట వినిపించింది. న్యుమోనియా రోగి వీపు మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరుకు తెలిసిన చప్పుడే అది. డాక్టర్లకు అది జబ్బు జాడ మాత్రమే. హూ చూసింది ఇంకొకటి: ఆ పగలడమే కింద ఉన్న కణాలను గాయపరుస్తోంది, చంపుతోంది. 2007లో అచ్చయిన ఈ పనే తర్వాత వచ్చిన ఊపిరితిత్తి చిప్పుకు తొలి అడుగు.

చిప్పు అనే ఇలాంటి ముక్క తయారీకి 1998లో హార్వర్డ్‌లో జార్జి వైట్‌సైడ్స్ బృందం దారి సులువు చేసింది. సిలికాన్ బిళ్ల మీద కాలువల ఆకారం ఉబ్బెత్తుగా తీస్తారు. చిక్కటి సిలికోన్ ద్రవంలో గట్టిపరిచే మందు పదో వంతు కలిపి, బుడగలు పోగొట్టి, అచ్చులో బెల్లం పాకం పోసినట్టు దాని మీద పోస్తారు. ఓవెన్‌లో గట్టిపడ్డాక ఒలిస్తే కాలువలు దిగి ఉంటాయి. పారదర్శకం, సాగుతుంది, గాలి ఆడుతుంది. కణాలు బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సాగే గుణాన్నే, తర్వాత హార్వర్డ్ చేరిన హూ, అక్కడి డోనల్డ్ ఇంగ్‌బర్ వాడుకున్నారు. 2010లో వచ్చిన వాళ్ల ఊపిరితిత్తి చిప్పు పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. నడుమ 10 మైక్రాన్ల మందాన రంధ్రాల పొర. పైన గాలి, గాలితిత్తి కణాలు; కింద రక్తనాళపు కణాలు, వాటిని ఒరుసుకుంటూ ప్రవహించే పోషక ద్రవం. రెండు పక్కల గదుల్లో గాలి లాగి వదిలితే పొర సాగి ముడుచుకుంటుంది. అదే శ్వాస. పై కాలువలో బ్యాక్టీరియా వేస్తే కింది నుంచి తెల్లకణాలు రంధ్రాల్లో దూరి వచ్చి మింగేశాయి. నాకు మరింత ముఖ్యంగా తోచింది సిలికా ధూళి ప్రయోగం. పొర ఆడుతున్నప్పుడు అతిసూక్ష్మ సిలికా రేణువుల వల్ల కలిగే వాపు పెరిగింది. కదలని గాజుపళ్లెంలో పెంచిన కణాలు ఈ సంగతి ఎప్పటికీ చెప్పవు.

ధూళి అంటే ముంబై తెలుగువాళ్లకు కొత్త కాదు. 18వ శతాబ్దం చివరినుంచి వచ్చి ఊరు కట్టిన కామాఠీ కూలీల పేరే కామాఠిపురాకు నిలిచింది. ఆ తర్వాత మన పద్మశాలీలు మిల్లుల్లో పత్తి దుమ్ము పీల్చారు. ధారావి మురికివాడలోనూ, చాల్ అనే వరస గదుల ఇళ్లలోనూ ఒకే ఖోలీలో ఇంటిల్లిపాదీ పడుకుంటే ఒకరి దగ్గు అందరిదీ అవుతుంది. ధారావి పక్కనే, మాహిమ్‌లోని హిందుజా ఆసుపత్రి నుంచి జరీర్ ఉద్వాడియా బృందం పరీక్షించిన మందులన్నింటికీ లొంగని టీబీ నలుగురిలో కనబడిందని 2011 డిసెంబరులో ప్రకటించింది. ‘అన్నింటికీ’ అన్న మాట మీద ప్రభుత్వం పేచీ పెట్టింది. రోగికి ఆ పేచీతో ఏం పని?

టీబీ కూడా చిప్పులోకి వచ్చింది. 2020లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో వివేక్ థాకర్, సహచరులు ఊపిరితిత్తి చిప్పులో టీబీ సూక్ష్మజీవులను వదిలి, అవి ఏ కణంలో ఎలా పెరుగుతున్నాయో వరసగా ఫొటోలు తీశారు. గాలితిత్తులు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పూత లేనిచోట బ్యాక్టీరియా అదుపు తప్పింది. బయటినుంచి పూత ఇస్తే తగ్గింది. కాకపోతే ఆ కణాలు ఎలుకవి. జంతువుల బదులుగా పుట్టిన యంత్రంలోనూ ఎలుక తప్పలేదన్నమాట. సిలికోన్‌కూ ఒక జబ్బు ఉంది: కొవ్వులో కరిగే మందులను తానే పీల్చేసుకుంటుంది. కణానికి ఎంత మోతాదు చేరిందో లెక్క తేలదు.

అమెరికా 2022 డిసెంబరులో, భారత్ 2023 మార్చిలో కొత్త మందుల పరీక్షల్లో ఇలాంటి చిప్పుల ఫలితాలకు చట్టాల్లో, నియమాల్లో చోటిచ్చాయి. హైదరాబాద్ సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ మనిషి కణాల నమూనాలకు ఒక కేంద్రమే పెట్టింది.

మందుల సంగతి కంపెనీలు ఎలాగూ చూసుకుంటాయి. నేను అడిగేది పొగ సంగతి. 2016లో ఇంగ్‌బర్ బృందం చిప్పు చేత సిగరెట్ తాగించింది. ఆరోగ్యవంతుల కణాలనూ, దీర్ఘకాల శ్వాసరోగం ఉన్నవాళ్ల కణాలనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. ధారావి కుంభార్‌వాడాలో కుండల బట్టీలకు పత్తి వ్యర్థాలు తగలేస్తారు. సిగరెట్ పొగ పంపిన గొట్టంలోకి ఆ పొగా పంపవచ్చు. కణాలు మాత్రం దాన్ని ఏళ్లుగా పీల్చినవాళ్లవై ఉండాలి, వాళ్ల ఒప్పుదలతో తీసుకున్నవై ఉండాలి. అందుకు కొత్త యంత్రం అక్కర్లేదు; ల్యాబువాళ్లు బట్టీ దాకా రావాలి.