రేటు పెంచేముందు... అడగాల్సింది మనల్నే!

నెలనెలా కరెంటు బిల్లు చేతికొస్తుంది. ఎవరి చూపైనా ముందు ఆగేది అడుగున ఉన్న మొత్తం మీదే. పోయిన నెలకన్నా ఎక్కువొస్తే గీజరు మీదో, ఏసీ మీదో, ఫ్యాను ఆపకుండా బయటికెళ్లిన పిల్లల మీదో చిరాకు. అదీ కాదంటే ప్రభుత్వం మీద కోపం. ఆ యూనిట్ రేటును ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏ లెక్కతో ఖాయం చేశారన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో తలెత్తదు.

నిజానికి ఆ రేటు ఖాయం కాకముందే బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ ఓ పిలుపు వస్తుంది. సాధారణంగా చలికాలంలో, దినపత్రికల్లో టెండరు ప్రకటనల పక్కన చిన్న అక్షరాల్లో కనిపిస్తుందది. 'వచ్చే ఏడాదికి మాకు ఇంత డబ్బు కావాలి. రేట్లు ఇలా ఉండాలని కోరుతున్నాం. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా తెలపండి' అన్నది దాని సారాంశం. ప్రకటన ఇచ్చేది కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు. వినేది విద్యుత్ నియంత్రణ మండలి. అందరూ ఈఆర్‌సీ అని పిలిచేది దీన్నే. ఆ ప్రకటన చూడకుండా పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. తిప్పేస్తున్నది చట్టం ఇచ్చిన ఒక హక్కునని వాళ్లకు తెలియదు.

బోర్డు పోయి... మండలి వచ్చి...

పాతికేళ్ల కిందటి దాకా ఈ గొడవే లేదు. రాష్ట్ర విద్యుత్ బోర్డు, ప్రభుత్వం కలిసి రేట్లు పెంచేవి. జనానికి మర్నాడు పేపర్లో తెలిసేది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చాక ఈ పద్ధతి మారింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు స్థానంలో జెన్‌కో, ట్రాన్స్‌కో వచ్చాయి. అదే ఏడాది ఈఆర్‌సీ ఏర్పడింది. మరుసటి ఏడాది పంపిణీ బాధ్యత నాలుగు డిస్కంల చేతికి వెళ్లింది. ఖర్చు ఎంత, రాబడి ఎంత అన్న లెక్కలు నలుగురి ముందూ పెట్టి, నలుగురి మాటా విన్నాకే రేటు నిర్ణయించాలన్నది కొత్త ఏర్పాటు.

తొలి అడుగే తడబడింది. 2000లో ఈఆర్‌సీ ఇచ్చిన మొదటి టారిఫ్ ఉత్తర్వుతో చార్జీలు బాగా పెరిగాయి. రాష్ట్రమంతా ఆందోళనలు రేగాయి. ఆగస్టు 28న అసెంబ్లీ వైపు కదిలిన జనంపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. కరెంటు రేటన్నది ఇంజినీర్లు, అకౌంటెంట్లు తేల్చుకునే వ్యవహారం కాదని ఆ రోజు రాష్ట్రానికి గట్టిగా గుర్తుచేసింది.

2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం ఈ హక్కును దేశమంతటికీ వర్తింపజేసింది. డిస్కం తన దరఖాస్తును జనానికి తెలిసేలా ప్రచురించాలి. వచ్చిన సూచనలు, అభ్యంతరాలన్నీ పరిశీలించి, దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి ఉత్తర్వు ఇవ్వాలి. ఇది 64వ సెక్షన్ చెప్పే మాట. అభ్యంతరాలతో మండలి ఏకీభవించి తీరాలని లేదు. కానీ వినకుండా రేటు మార్చడానికి వీల్లేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వేర్వేరు మండళ్లు వచ్చాయి. పద్ధతి మాత్రం అదే.

విచారణ రోజున...

బహిరంగ విచారణ కోర్టులా ఉంటుందనుకుంటే పొరపాటు. నల్లకోట్లు తక్కువ, పచ్చ కండువాలు ఎక్కువ. వేదికపై మండలి ఛైర్మన్, సభ్యులు కూర్చుంటారు. ముందుగా డిస్కం అధికారులు తమ లెక్కలు వివరిస్తారు. తర్వాత పేరు నమోదు చేసుకున్నవారిని ఒక్కొక్కరినే పిలుస్తారు. స్పిన్నింగు మిల్లుల సంఘం ప్రతినిధి ఫైళ్ల కట్టతో లేస్తారు. ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ వాళ్లు, రైల్వే వాళ్లు తమకు పడే రేటు గురించి మాట్లాడతారు. ఆక్వా రైతు, రైతు సంఘం నాయకుడు, వామపక్షాల కార్యకర్త, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి... అందరికీ అదే మైకు.

రైతు లేస్తే చర్చ పైసల నుంచి పొలం గట్టు మీదికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని మండలి పెట్టిన ప్రమాణం. ఫ్యూజు పోతే పల్లెలో 12 పనిగంటల్లో, పట్టణంలో 4 పనిగంటల్లో సరిచేయాలి. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టర్‌పై మోసుకెళ్లాల్సి వస్తోందని, చేతికందేంత కిందికి తీగలు వేలాడుతున్నాయని ఏళ్ల తరబడి విచారణల్లో వినిపిస్తూనే ఉన్న ఫిర్యాదులు. ఎదురుగా ఉన్నది డిస్కం పెద్ద అధికారే కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

అంతటితో అయిపోదు. టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం, దానికి డిస్కం ఇచ్చిన సమాధానం, మండలి అభిప్రాయం... మూడూ ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. ఓ రైతు అడిగిన ప్రశ్న ప్రభుత్వ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది.

అసలు కిటుకు లెక్కల్లో

గొంతు పెంచడం కన్నా లెక్క అడగడం మేలన్నది ఈ విచారణలు నేర్పిన పాఠం. డిస్కం ఏడాదికి ఎంత కరెంటు కొనాలి, ఏ ధరకు కొనాలి, దారిలో ఎంత పోతుంది, జీతాలకెంత, అప్పులపై వడ్డీకెంత అన్నవన్నీ కలిపి 'వార్షిక ఆదాయ అవసరం' అంటారు. ఇందులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. పాత రేట్లతో వచ్చే రాబడి తీసేయగా మిగిలేది లోటు. ఆ లోటును రేట్ల పెంపుతో పూడ్చాలా, ప్రభుత్వ సబ్సిడీతో పూడ్చాలా, అసలు అంత లోటు నిజంగా ఉందా అన్నదే చర్చంతా.

పట్టున్నవాళ్లు చెయ్యిపెట్టేది ఇక్కడే. వ్యవసాయ పంపుసెట్లనే తీసుకోండి. వాటిలో అత్యధికం మీటర్లు లేనివే కావడంతో రైతులు వాడిన కరెంటు ఎంతన్నది అంచనాయే తప్ప కొలత కాదు. ఆ అంచనాను కొంచెం పెంచితే చాలు... చౌర్యం, లైన్లలో నష్టం అన్నీ రైతు ఖాతాలో కలిసిపోతాయి. 'రైతు వాడాడని చెబుతున్న కరెంటు నిజంగా పొలానికి చేరిందా?' అని విచారణల్లో పదే పదే అడిగారు. శాంపిల్ మీటర్లు పెట్టి, గణాంక శాస్త్ర పద్ధతిలో లెక్కగట్టాలని మండలి పట్టుబట్టడం వెనక ఈ నిలదీతలూ ఉన్నాయి.

ఇలా ఏటా లెక్కలు తవ్వే కొద్దిమంది పేర్లు విద్యుత్ రంగంలో అందరికీ పరిచయమే. విద్యుత్ నియంత్రణపై ప్రజా పర్యవేక్షణ బృందం కన్వీనర్ ఎం.తిమ్మారెడ్డి, సీనియర్ పాత్రికేయుడు ఎం.వేణుగోపాలరావు వారిలో ముఖ్యులు. కొనుగోలు ఒప్పందాల్లోని షరతుల నుంచి బొగ్గు ధర దాకా వీరు లేవనెత్తిన అభ్యంతరాలు ఏళ్లతరబడి టారిఫ్ ఉత్తర్వుల్లో కనిపిస్తాయి.

ఫలితం ఉందా?

'మనం చెబితే వింటారా?' అన్నది ఎవరికైనా వచ్చే అనుమానమే. కొన్ని సంఘటనలు చూస్తే జవాబు దొరుకుతుంది.

2014-19 మధ్య తాము పెట్టిన అదనపు ఖర్చును వసూలు చేసుకుంటామని ఆంధ్రప్రదేశ్ డిస్కంలు అడిగాయి. దీన్నే 'ట్రూఅప్' అంటున్నారు. ఎప్పుడో తిన్న పప్పుకు ఇప్పుడు తేడా ధర కట్టమనడం లాంటిది. సుమారు 3,669 కోట్ల రూపాయలను ఎనిమిది నెలల్లో వసూలు చేసుకునేందుకు 2021 ఆగస్టులో మండలి అనుమతించింది. సెప్టెంబర్ నుంచి బిల్లులు గుప్పుమన్నాయి. ప్రజల అభిప్రాయం కోరుతూ ప్రకటన సరిగా ఇవ్వలేదన్న అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి మండలి తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుంది. మళ్లీ ప్రకటన ఇచ్చి, మళ్లీ విచారణ జరిపారు. 2022లో తిరిగి అనుమతి వచ్చేసరికి మొత్తం తగ్గింది. వసూలు గడువు మూడేళ్లకు పెరిగింది. జనాన్ని అడగకపోవడమన్న ఒక్క లోపానికి వేల కోట్ల ఉత్తర్వు ఆగిపోయిందన్నమాట!

2022-23కు సంబంధించిన ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద డిస్కంలు 8,113.60 కోట్లు అడిగితే, అభ్యంతరాలు విని, లెక్కలు పరిశీలించాక 2024 అక్టోబర్‌లో మండలి ఒప్పుకున్నది 6,072.86 కోట్లే. అంటే రెండు వేల కోట్లకు పైగా కోత. అదే నెల 28న తెలంగాణలోనూ ఓ ఊరట. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లన్నింటికీ స్థిరచార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలన్న ప్రతిపాదనను బహిరంగ విచారణల తర్వాత అక్కడి మండలి ఒప్పుకోలేదు.

అయితే నాణేనికి రెండోవైపూ చూడాలి. కోత పోగా మిగిలిన ఆ 6,072 కోట్లూ 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లోకి ఎక్కాయి. పాత వాడకంపై వేసే ఇలాంటి చార్జీలతో, ఖాళీ చేసి వెళ్లిపోయినవారు కాల్చిన కరెంటుకు కొత్తగా అద్దెకు దిగినవారు కట్టాల్సి వస్తోందన్న గోడు ఇంకా తీరలేదు.

ముందు వసూలు... తర్వాత విచారణ

హక్కు ఉంది. కానీ దాని చుట్టూ పక్కదారులు పడుతున్నాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు సవరించింది. ఇంధన ధర పెరిగితే ఆ తేడాను ముందస్తు అనుమతి లేకుండానే డిస్కంలు నెలనెలా వసూలు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా ఇలా వేసే వీలు కలిగింది. లెక్కలు తేల్చడం, అభ్యంతరాలు వినడం అంతా ఏడాది ముగిశాకే.

ఆ లెక్క తేలేసరికి ఏమైంది? 2024-25లో ఇలా వసూలు చేసిన దాంట్లో సుమారు 923 కోట్లు ఎక్కువేనని తేలింది. దాన్ని యూనిట్‌కు 13 పైసల చొప్పున 2025 నవంబర్ నుంచి వెనక్కి సర్దాలని మండలి ఆదేశించింది. డబ్బు తిరిగి రావడం మంచిదే. అయితే వందల కోట్లు అన్నాళ్లు వినియోగదారుల జేబులో కాక డిస్కంల ఖాతాలో ఉన్నాయి. ముందే అడిగి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు కదా!

భాష మరో అడ్డంకి. డిస్కంల నివేదికలు వందల పేజీలు, అదీ ఇంగ్లిషులో. ఫ్లెక్సులు కట్టే దుకాణదారు, జిరాక్సు సెంటరు నడిపే మహిళ వాటిని చదివి అర్థం చేసుకోవడం అయ్యే పనేనా? పరిశ్రమలకు ఆ బెడద లేదు. యూనిట్‌పై పది పైసలు తగ్గినా వాటికి లక్షల్లో లాభం. కాబట్టి నిపుణులను పెట్టుకుని మరీ వస్తాయి. ఇంటి వినియోగదారుడికి మిగిలేది నెలకు పదో ఇరవయ్యో. అందుకని ఒక పూట పని మానుకుని ఎవరూ రారు. ఒక్కొక్కరికి చిన్న మొత్తమే. అందరిదీ కలిపితే వందల కోట్లు. ఆ కలిపిన మొత్తం తరఫున మాట్లాడేవారే హాల్లో తక్కువ.

మీరూ అభ్యంతరం చెప్పొచ్చు... ఇలా!

* పత్రికల్లో డిస్కం ప్రకటన వచ్చాక చివరి తేదీ, విచారణ జరిగే ఊరు, రోజు రాసుకోండి. పూర్తి ప్రతిపాదనలు డిస్కం, ఈఆర్‌సీ వెబ్‌సైట్లలో ఉంటాయి. ఎక్కడెక్కడ ఉచితంగా చూడొచ్చో ప్రకటనలోనే రాస్తారు.

* తెల్లకాగితంపై తెలుగులోనే రాయొచ్చు. పేరు, చిరునామా, అభ్యంతరం, దానికి కారణం ఉంటే చాలు. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఒక కాపీ డిస్కంకు, ఒకటి మండలికి పంపాలి.

* స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ మాట కాగితంలోనే రాయాలి.

* 'చార్జీలు పెంచొద్దు' అని ఊరుకోకుండా ఒకే అంశం పట్టుకోండి. మీ ఊరి ఫీడర్‌లో నష్టమెంత, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి, ఎన్ని రోజుల్లో మార్చారు... అలాంటి ప్రశ్నకు జవాబు దాటేయడం కష్టం.

* సొంత బిల్లులో తప్పు ఉంటే అది ఈ విచారణలో తేలే విషయం కాదు. దానికి డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు.

* టారిఫ్ ఉత్తర్వే తప్పనుకుంటే 45 రోజుల్లోగా ఢిల్లీలోని విద్యుత్ అప్పీలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు.

అపార్ట్‌మెంట్ సంఘమో, రైతు సంఘమో, డ్వాక్రా గ్రూపో కలిసి ఒకే కాగితం రాస్తే ఇంకా బలం. వేల కోట్ల వ్యాపారం చేసే సంస్థ చేత ఓ మామూలు మనిషి రాతపూర్వకంగా జవాబు చెప్పించుకోగల సందర్భాలు మన వ్యవస్థలో ఎన్నో లేవు. ఉన్న ఈ ఒక్కటీ వాడకపోతే, వాడేవాళ్ల లెక్కల ప్రకారమే మన బిల్లు వస్తుంది.