ఖరగ్‌పూర్ తీగలు - ఢిల్లీ దస్త్రాలు

(మా ఢిల్లీ ప్రతినిధి)

రాజధానిలో ఉండేవారికి ఒక భ్రమ ఉంటుంది. దేశంలోని ప్రతి వ్యవహారమూ ఇక్కడి భవనాలలోనే పుట్టి, ఇక్కడి దస్త్రాలలోనే ముగుస్తుందని వారు అనుకొంటారు. రైలు ప్రమాదం జరిగితే రైల్ భవన్ మెట్లు ఎక్కుతాము. కంప్యూటర్లు స్తంభిస్తే లోడీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ నికేతన్ వైపు చూస్తాము. కాని ప్రమాదానికి బీజం పడేది ఈ భవనాలలో కాదు. ఎక్కడో ఒక చిన్న స్టేషను పక్కన, గేటు దగ్గర, ఒక ఇనుప పెట్టెలో పడుతుంది. ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసినవాడి మాట ఢిల్లీకి ఎంత కాలానికి చేరుతుంది, చేరినా ఎవరు వ్రాసుకొంటారు అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న కోసమే ఈ వారం ఖరగ్‌పూర్‌ను తలచుకోవలసి వస్తున్నది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికోసం బయలుదేరిన కుటుంబాలు అక్కడి వర్క్‌షాపు చుట్టూ స్థిరపడ్డాయి. నింపురా, మధురాకాటి వంటి కాలనీలలో నేటికీ తెలుగు వినవస్తుంది. అమ్మవారి జాతర ‘మాతా పూజ’గా ఆ ఊరి పండుగలలో చేరిపోయినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినదంటే, ఈ రైల్వే కార్మికుల సంతతి సంఖ్యాబలం అందుకు ముఖ్య కారణం.

ఒకప్పుడు ఈ స్టేషను పేరు చెబితే పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వచ్చేది. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా చాలా కాలం ప్రసిద్ధి పొందినది. తరువాత ఆ గౌరవాన్ని గోరఖ్‌పూర్, దాని నుండి హుబ్బళ్ళి తీసుకొన్నాయి. అయితే 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌కు మరొక విశిష్టత లభించినది. సుమారు 800 మార్గాలను కంప్యూటర్ల ద్వారా నియంత్రించే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థను అక్కడ నెలకొల్పారు. ఇంత పెద్దది మరెక్కడా లేదని రైల్వేశాఖ అప్పుడు సగర్వంగా ప్రకటించినది.

ఇంటర్‌లాకింగ్ అంటే సామాన్య భాషలో చెప్పవచ్చును. పట్టాలను ఏ దారికి కలిపారో ఆ దారికే సిగ్నలు పడాలి. సిగ్నలు పడిన తరువాత రైలు దాటిపోయేవరకు దారి మారకూడదు. పూర్వం ఈ కట్టుబాటును ఇనుప కడ్డీలు కాపాడేవి. తరువాత రిలేలు కాపాడాయి. ఇప్పుడు కంప్యూటరు కాపాడుతున్నది. అయితే కంప్యూటరు తన కళ్ళతో పట్టాలను చూడదు. తీగ తెచ్చిన కబురును నమ్ముతుంది. తీగ అబద్ధం చెబితే కంప్యూటరు ఆ అబద్ధాన్ని తుచ తప్పకుండా అమలు జరుపుతుంది.

బహానగా చెప్పిన సంగతి

2023 జూన్ 2వ తేదీ సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజనులోని బహానగా బజార్ స్టేషను వద్ద జరిగినది సరిగ్గా ఇదే. షాలిమార్ నుండి చెన్నై వెళ్ళే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో నేరుగా సాగిపొమ్మని ఆకుపచ్చ సిగ్నలు పడినది. పట్టాలు మాత్రం లూప్ లైనుకు కలిసి ఉన్నాయి. అక్కడ ఇనుప ఖనిజం నింపిన గూడ్సు బండి నిలిచి ఉన్నది. కోరమాండల్ పూర్తి వేగంతో దానిని ఢీకొన్నది. చెల్లాచెదరైన బోగీలు పక్క లైనులో బెంగుళూరు నుండి హౌరా వెళ్తున్న రైలు చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ స్టేషన్లలో ఆ రాత్రి తమవారి కోసం నిలబడినవారి ముఖాలు మరువరానివి.

మొదట విద్రోహ చర్య జరిగినదన్నారు. కంప్యూటరును ఎవరో తారుమారు చేశారన్నారు. తుదకు రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినది వేరు. ఆ ఏడాది జూలైలో రైల్వే మంత్రి రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, స్టేషను ఉత్తరపు సిగ్నల్ గదిలో గతంలో తీగలు మార్చినపుడు దొర్లిన లోపాలు, 94వ నంబరు గేటు వద్ద కొత్త అడ్డుకమ్మీ అమర్చే పనిలో జరిగిన లోపాలు కలిసి ఈ ఘోరానికి కారణమైనాయి. ఆ పాత మార్పు జరిగినది 2018లో. అనగా లోపం అయిదేళ్ళపాటు ఆ పెట్టెలో నిద్రించినది. ఎన్నో వేల రైళ్ళు దాని మీదుగా క్షేమంగా వెళ్ళిపోయాయి.

ఇంతకంటె బాధాకరమైన విషయం ఆ నివేదికలోనే ఉన్నది. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజనులో బాంక్రా నయాబాజ్ స్టేషను వద్ద ఇటువంటిదే ఒక సంఘటన జరిగినది. తప్పుగా కలిపిన తీగలు, కేబులు లోపం అందుకు కారణం. అప్పుడే తగిన దిద్దుబాటు చర్యలు తీసుకొని ఉంటే బహానగా ప్రమాదం జరిగేదే కాదని కమిషనర్ స్పష్టంగా చెప్పారు. 2023 ఫిబ్రవరి 8న మైసూరు డివిజనులోని హోసదుర్గ రోడ్డు స్టేషను వద్ద కూడ సిగ్నలు ఒక విధంగాను, దారి మరొక విధంగాను ఉన్నందున ఒక ఎక్స్‌ప్రెస్ రైలు అపాయం అంచుదాకా వెళ్ళినది. డ్రైవరు అప్రమత్తత కాపాడినది. వ్యవస్థలో తీవ్ర లోపాలున్నాయని నైరుతి రైల్వే ఉన్నతాధికారి ఒకరు ఆ మరునాడే లేఖ వ్రాశారు. ఈ సంఘటనల సాంకేతిక కారణాలన్నీ ఒకటేనని అనజాలము. కాని ఒక చోట కనబడిన లోపం మరొక చోట ఉన్నదేమో చూడవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం మూడు చోట్లా జవాబు ఒకటే. ఆ బాధ్యత నిర్దిష్టంగా ఎవరికీ లేదు.

లోపానికి ఒక సంఖ్య

తీగల లోపం వేరు, సాఫ్ట్‌వేర్ లోపం వేరు. అయినా రెండింటి జీవిత చరిత్ర ఒక్కటే. ఎవరో ఒకరు కనుగొంటారు. ఎవరికో చెబుతారు. విన్నవారు నమోదు చేయాలి. అదే పరికరాన్ని వాడుతున్న వారందరికీ తెలియజేయాలి. దిద్దాలి. దిద్దినట్లు పరీక్షించాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగిలిన శ్రమ వృథా.

కంప్యూటర్ల ప్రపంచం ఇందుకు 1999లో ఒక ఏర్పాటు చేసుకొన్నది. బయటపడిన ప్రతి భద్రతా లోపానికీ సి.వి.ఇ. అనే పట్టికలో ఒక సంఖ్య ఇస్తారు. అమెరికాలోని మైటర్ సంస్థ దీనిని నిర్వహిస్తున్నది. ప్రతి నేరానికీ పోలీసు స్టేషనులో ఒక నంబరు ఉన్నట్లే ఇది కూడ. నంబరు ఉంటేనే అందరూ ఒకే లోపం గురించి మాట్లాడుతున్నామని తెలుస్తుంది. 2024లో ఒక్క సంవత్సరంలోనే ఇటువంటి సంఖ్యలు 40 వేలకు పైగా వెలువడ్డాయి. మన దేశంలో 2004 నుండి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ సంస్థకు కూడ 2021 నుండి ఈ సంఖ్యలు ఇచ్చే అధికారం ఉన్నది.

ఈ పట్టిక ఎంత బలహీనమైన ఆధారంపై నిలిచి ఉన్నదో 2025 ఏప్రిల్‌లో లోకానికి తెలిసినది. మైటర్‌తో అమెరికా ప్రభుత్వపు ఒప్పందం 16వ తేదీతో ముగియనున్నదన్న వార్త కలవరం కలిగించినది. చివరి గడియలో 11 నెలలు పొడిగించారు. ప్రపంచమంతా వాడుకొనే చిట్టా ఒక దేశపు బడ్జెట్ పద్దుపై ఆధారపడి ఉన్నదని గ్రహించిన ఐరోపా ఆ మే నెలలోనే తన సొంత పట్టికను ప్రారంభించినది. మనకు ఆ తొందర కనిపించలేదు.

మేదినీపూర్ నుండి తిరుమల దాకా

పట్టికలో సంఖ్య పడినంత మాత్రాన ముప్పు తొలగదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్‌లోని ఒక తీవ్ర లోపానికి దిద్దుబాటు విడుదల చేసినది. ఆ లోపం సంగతి అమెరికా గూఢచారి సంస్థకు అంతకు ముందే తెలుసు. తన అవసరాలకు దాచుకొన్నది. అది కాస్తా దొంగల చేతికి చిక్కినది. మే 12న ‘వాన్నాక్రై’ పేరుతో 150 దేశాలకు పైగా విరుచుకుపడినది. దిద్దుబాటు వచ్చి అప్పటికి రెండు నెలలు.

ఆ దాడిలో ఇంగ్లండు ఆసుపత్రుల సేవలు దెబ్బతిన్న సంగతి అందరూ చదివారు. ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాల కంప్యూటర్లు స్తంభించాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో చిత్తూరు మొదలు శ్రీకాకుళం వరకు పలు పోలీసు కార్యాలయాలలో కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోని కొన్ని యంత్రాలకూ అదే గతి పట్టినది. మందు అందుబాటులో ఉండగా రోగం ముదిరినదంటే అది వైద్య శాస్త్రం లోపం కాదు. ఏ కార్యాలయంలో ఏ కంప్యూటరు ఉన్నది, దానిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నది అన్న సాధారణమైన లెక్క లేకపోవడమే లోపం. తన ఇంట్లో ఎన్ని తలుపులున్నవో తెలియనివాడు తాళాలెన్ని కొంటాడు?

రాజధానిలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 2022 నవంబరు 23న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో సర్వర్లు స్తంభించి, రోగుల నమోదు మళ్ళీ కాగితం, కలంతో సాగినది. నెట్‌వర్కును భాగాలుగా సరిగా విభజించకపోవడం వల్ల దుండగులు చొరబడ్డారని మంత్రి రాజ్యసభలో చెప్పారు. అందులోనూ తెలియని కొత్త రహస్యమేమీ లేదు.

పదమూడేళ్ళ నిరీక్షణ

రైళ్ళకే మళ్ళీ వద్దాము. అమెరికాలో గూడ్సు బండి చివరి పెట్టెకు ఒక రేడియో పరికరం తగిలిస్తారు. ఇంజను నుండి వచ్చే ఆదేశంతో అది బ్రేకు వేయగలదు. ఆదేశం నిజంగా ఇంజను నుండే వచ్చినదా అని రూఢి చేసుకొనే పటిష్ఠమైన ఏర్పాటు మాత్రం దానికి లేదు. 2012లోనే ఒక పరిశోధకుడు ఈ సంగతి కనుగొన్నాడు. దానికి అధికారికంగా సంఖ్య, హెచ్చరిక వెలువడినది 2025 జూలైలో. ఎదుటివారు ఒప్పుకోనంతకాలం కనుగొన్నవాడి మాట నీటిమీద వ్రాతే.

2023 ఆగస్టులో పోలండులో ఇరవైకి పైగా రైళ్ళు అర్ధాంతరంగా ఆగిపోయాయి. అత్యవసరంగా రైలును ఆపే రేడియో సంకేతాన్ని ఎవరో అల్లరిమూకలు ప్రసారం చేశారు. ఆ సంకేతానికి రహస్య భాష ఏదీ లేదన్నది అక్కడి రైల్వేవారికి కొత్త విషయం కాదు. కవచ్ వంటి రేడియో ఆధారిత వ్యవస్థను మన రైళ్ళకు విస్తరింపజేస్తున్న ఈ తరుణంలో ఈ రెండు ఉదంతాలను రైల్ భవన్ శ్రద్ధగా చదవవలసి ఉన్నది.

చెప్పినవాడికి రక్షణ ఏది?

మన చట్టంలో ఒక విచిత్రం ఉన్నది. సంఘటన జరిగిన ఆరు గంటలలో తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించినది. మంచిదే. కాని అది ఇల్లు అంటుకొన్న తరువాత వేసే కేక. కిరసనాయిలు కారుతున్నదని ముందుగా చెప్పేవాడి సంగతేమిటి? అనుమతి లేకుండా కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ జైలు శిక్షకు దారి తీయగల నేరం. దురుద్దేశంతో చొరబడినవాడినీ, సదుద్దేశంతో లోపం వెదకి చెప్పినవాడినీ వేరుపరచే స్పష్టమైన రక్షణ ఆ చట్టంలో లేదు. లోపాలను బాధ్యతతో తెలియజేయమని ప్రభుత్వ సంస్థలు ఆహ్వానిస్తున్నాయి. ఆహ్వానం ఒక చేత, కేసు మరొక చేత ఉంటే గడప తొక్కేదెవరు?

దీనికి తోడు 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుండి మినహాయించారు. దేశ భద్రతకు గోప్యత అవసరమన్న వాదనను తోసిపుచ్చలేము. దిద్దని లోపాన్ని బజారున పెట్టమని ఎవరూ కోరరు. కాని దిద్దుబాటు జరిగిన తరువాత కూడ, ఎన్ని లోపాలు తెలియవచ్చినవి, ఎన్నాళ్ళకు సరిచేశారు, ఏ శాఖ జాప్యం చేసినది అన్న లెక్క పార్లమెంటుకు కూడ చేరకపోతే, ఆ గోప్యత దేశాన్ని కాపాడదు. అలసత్వాన్ని కాపాడుతుంది.

బహానగా దుర్ఘటన తరువాత కేంద్ర దర్యాప్తు సంస్థ ముగ్గురు రైల్వే ఉద్యోగులను అరెస్టు చేసినది. వారి దోషాదోషాలను న్యాయస్థానం నిర్ణయిస్తుంది. అందులో మనం జోక్యం చేసుకోరాదు. కాని దోషులను పట్టుకొన్నంత మాత్రాన దోషం పట్టుబడినట్లు కాదు. బాంక్రా నయాబాజ్ నుండి బహానగాకు కబురు చేరకపోవడానికి ఎవరిని అరెస్టు చేయగలము?

ఖరగ్‌పూర్ ఉన్న ఆ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి 1920 దశకంలో ఒక తెలుగువాడు నాయకత్వం వహించాడు. ఉద్యోగాల తొలగింపుకు వ్యతిరేకంగా సమ్మె నడిపిన ఆ వి.వి. గిరి, తరువాత రాష్ట్రపతి భవన్‌లో కూర్చున్నారు. ఆ పోరాటం జీతాల కోసం, కొలువుల కోసం మాత్రమే కాదు. పట్టాల మీద పనిచేసేవాడి మాటకు పైవారు చెవి ఒగ్గాలన్నది దాని సారాంశం. నేడు పనిచేసేవాడు చెప్పవలసిన మాట మారినది. ‘ఈ తీగ గుర్తు తప్పుగా ఉన్నది’, ‘ఈ యంత్రానికి దిద్దుబాటు వేయలేదు’ అని చెప్పాలి. చెప్పినందుకు సంజాయిషీ నోటీసు రాదన్న నమ్మకం అతనికి ఉండాలి. చెప్పినదానికి ఒక సంఖ్య పడాలి. ఆ సంఖ్య ఎదురుగా, సరిచేసిన తేదీ వ్రాసే ఒక గడి ఉండాలి.

ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం, ఖరగ్‌పూర్ మీదుగా సాగే ప్రతి రైలూ, ఎవరో ఎప్పుడో గమనించి ఊరకున్న ఒక లోపం మీదుగా సాగుతున్నదేమోనన్న శంక మనలను వీడదు.